కురిసే ఇంటికి టికెట్టు

దేశంలో పేదరికం పోయిందట. పోయినదాన్ని పిల్లలు మరిచిపోకూడదని మా వీధి మొదట్లో ఉన్న మ్యూజియంలో ఒక గది కట్టి, 'పూర్వకాలపు పేదిల్లు' అని బోర్డు తగిలించారు. అందులో కూర్చోవడానికి ఒక ముసలమ్మ కావాలన్నారు. మా అత్తను చూడగానే మేనేజరు మొహం చేటంత అయింది. వేషం కూడా వేయనక్కర్లేదన్నాడు.

పనేమంత కష్టం కాదు. జనం వస్తే నిట్టూర్చాలి, మాట్లాడకూడదు. నెల నిండగానే జీతం. దాంతో వానలు ముదిరేలోగా ఇంటికి కొత్త రేకు వేయించాలని మా ఆశ. మా ఇంట్లో కురవని మూలంటూ లేదు, మంచం ఎక్కడికని జరపను? అత్త దగ్గు గుండెల్లో కాపురం పెట్టింది. ఇంటి ఓనరుకు చెప్పుకున్నా గోడకు చెప్పుకున్నా ఒకటే.

నేను బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుడతాను. సెలవు రోజున అత్తకు అన్నం పట్టుకెళ్తే టికెట్టు కొనమన్నారు. కొని లోపలికెళ్ళి చూస్తే ఒళ్ళు మండింది. అచ్చం మా ఇల్లే! అదే కుక్కి మంచం, అదే సొట్ట గిన్నె. తేడా ఒక్కటే, అక్కడి కప్పు కొత్తది, కురవదు. అందుకని పైన పైపు బిగించి మోటారుతో చుక్కచుక్కగా కారిస్తున్నారు. సాయంత్రం అయిదింటికి గంట కొట్టి, మోటారు కట్టేసి, తలుపులు మూస్తారు.

గొడుగంత టోపీ పెట్టుకున్న ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో పాపం, ఆ రోజుల్లో ఎలా బతికేవారో!"

అత్త నోరు ఊరుకుంటుందా? "ఆ రోజుల దాకా ఎందుకమ్మా, పొద్దున కూడా అలా బతికే వచ్చాను" అంది.

నాటకం బ్రహ్మాండంగా ఉందని ఆవిడ చప్పట్లు కొట్టింది.

అంతవరకూ బాగానే ఉంది. తీరా నెల నిండబోతుండగా అత్త కొంప ముంచింది. మంచాన్ని గోడకు నిలబెట్టి, నిచ్చెనలా ఎక్కి, కొంగు చింపి ఆ కారే చోట కుక్కేసింది. కారుతుంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ ఒంటికి పడదు. మా ఇంట్లోనూ కుక్కేదే, రేకంతా జల్లెడైతే ఎక్కడని కుక్కుతుంది?

నన్ను పిలిపించారు. మేనేజరు అగ్గి మీద గుగ్గిలమైపోతున్నాడు.

"పేదరికాన్ని పాడుచేసిందమ్మా మీ అత్త! జనం టికెట్టు డబ్బులు వాపసు అడుగుతున్నారు. జీతం రిపేరుకే సరిపోతుంది. తీసుకుపో."

ఇంతలోనే నిచ్చెన భుజాన వేసుకుని రిపేరు మనిషి పరుగున వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"అన్నా, మా ఇల్లు ఈ వీధి చివరే. ఒక్కసారి వచ్చి చూసి పో."

"ఏం, కారడం లేదా?"

"కారుతోందన్నా!"

"మరింకేం, బాగానే ఉందిగా. నన్నెందుకు పిలవడం?" అంటూ నిచ్చెన ఎక్కాడు.

ఇంటికి చేరేసరికి వాన పట్టుకుంది. అత్త మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. దగ్గీ దగ్గీ అలసిపోయింది. తిడదామనుకున్నాను గానీ ఏడుపొచ్చింది. ఇక ఈ ఏటికి రేకు లేదు.

వీధి మొదట్లో మ్యూజియం గంట మోగింది. అత్త తలెత్తి మా కప్పుకేసి చూసింది.

"అక్కడ ఆగిపోయుంటుందే" అంది.

నేను నిండిన గిన్నె తీసి, ఖాళీది పెట్టాను.