ముందు పూలు, తర్వాత రక్తం

నేను ఒక చిన్న వెబ్ చట్రాన్ని, వెబ్‌సైట్లను లోపలినుంచి నడిపే ప్రోగ్రాంని. చీరాలలో శిరీష అనే అమ్మాయి నన్ను పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసింది. వేలెడంత ఉండేదాన్ని. పాత ఫోన్లో కూడా చటుక్కున తెరుచుకునేదాన్ని. నా పద్ధతి ఒక్కటే. ఏదైనా జరగగానే కేక వేస్తాను. ఆ కేకకు పేరిచ్చుకున్న మాడ్యూళ్లు, అంటే నాకు తగిలించిన చిన్న ప్రోగ్రాం ముక్కలు, వరుసగా లేచి తమ పని చేస్తాయి. కొత్త పని కావాలంటే కొత్త మాడ్యూలు తగిలిస్తే చాలు, నా ఒంటిమీద చెయ్యి వెయ్యనక్కర్లేదు.

ఒక రక్తదాతల సంఘం నన్ను తీసుకుంది. ఎవరైనా 'రక్తం కావాలి' అన్న బొత్తాం నొక్కితే నేను కేక వేయాలి, ఒక మాడ్యూలు దాతల ఫోన్లకు కబురు పంపాలి. అంతవరకూ నా బతుకు శుభ్రంగానే ఉంది.

తర్వాత మనుషులు తగులుకున్నారు. కార్యదర్శి పండగ శుభాకాంక్షలు అతికించాడు. కోశాధికారి అల్లుడి బట్టల కొట్టు ప్రకటన వేలాడదీశాడు. ముక్కు చీదిన చెయ్యి గోడకు రాసినట్టు అందరూ నాకే రాశారు. అధ్యక్షుడు గోవర్ధనరావు గారైతే తన ఫొటో మీద పూలు రాలే మాడ్యూలు తెచ్చాడు, పాటతో సహా. నేను ఏ కేక వేసినా ముందు అదే లేవాలట.

"పేజీ తెరిచినప్పుడు పెట్టుకోండి బాబాయ్ గారూ. రక్తం అడిగినప్పుడు ఎందుకండీ?" అంది శిరీష.

"సభలో కండువా కప్పకుండా కార్యక్రమం మొదలెడతారా అమ్మాయ్? పెద్దరికం అన్నాక ఒకచోట ఉండి ఒకచోట పోద్దా?"

ఆమె అలాగే పెట్టేసింది. అప్పటినుంచి ఆ పాట ముగిసేదాకా నా కేక తర్వాతి మాడ్యూలుకు అందదు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఆశీర్వాదమ్మ అనే ఆవిడ బొత్తాం నొక్కింది. లోపల ఆమె కోడలికి కాన్పయి రక్తం ఆగడం లేదు. నేను కేక వేశాను. పూలు రాలాయి. గోవర్ధనరావు గారు చేతులు జోడించి నవ్వారు.

"ఇదేందే, రక్తం అడిగితే పూలు జల్లుద్ది? ఎవుడి పెళ్ళి?" అందావిడ.

"మళ్ళీ నొక్కండి పిన్నీ," అంది పక్కనున్న నర్సు.

మళ్ళీ నొక్కింది. పాట మళ్ళీ మొదటినుంచి అందుకుంది. దాతలకు కబురు ఇంకా కదల్లేదు.

"నీ మొహం మండ!" అంటూ ఆవిడ ఫోను గుప్పిట్లో పట్టుకునే వీధిలోకి పరుగెత్తి ఒక్క కేక పెట్టింది. "అయ్యా! నా కోడలికి రక్తం కావాలయ్యా!"

ఆటోస్టాండులో పేకముక్కలు కిందపడ్డాయి. డ్రైవర్లు చొక్కా చేతులు మడుచుకుంటూ పరుగెత్తారు. వాళ్ళలో ఇద్దరి రక్తం కలిసింది. కోడలు బతికింది.

నేను చేయాల్సిన పని అదే. ఆవిడ కేకకు ముందు మాత్రం ఏ అధ్యక్షుడూ నిలబడలేదు.

ఆ డ్రైవర్లకు సంఘం సన్మానం చేసింది. ఫొటోలో నడుమ నిలబడింది గోవర్ధనరావు గారే. దానికీ ఒక మాడ్యూలు తగిలించారు. ఇప్పుడు నాకు రెండు పాటలు. ఎవరి వేలైనా ఆ బొత్తాం మీదికి వస్తుంటే నాకు ఒకటే అనిపిస్తుంది: నన్ను మూసేసి వీధిలోకి పొండి.