వెన్న పేరుతో వచ్చిన పీపాలు

అది 1978 ఆగస్టు. విశాఖ రేవు పక్కన ఉన్న ఓ ప్రైవేటు గోదాముకి పన్నెండు ఇనుప పీపాలు వచ్చాయి. కాగితాల మీద ‘బటర్ ఆఫ్ ఆంటిమొనీ’ అని ఉంది. సూపరింటెండెంటు అచ్యుతరామయ్య బటర్ దగ్గరే చదవడం ఆపేశాడు.

“పాలపొడి బస్తాల పక్కన పెట్టించు” అన్నాడు గుమాస్తా గవర్రాజుతో.

“పీపా మీద సెయ్యి కాలిపోతన్న బొమ్ముందండి. తినే సరుక్కి ఆ బొమ్మెందుకండి?”

“బటర్ తర్వాతున్న ముక్క కంపెనీ పేరయ్యా. నాకు ఇంగ్లీషు నేర్పకు.”

గవర్రాజుకు ఆయన మీద గౌరవం ఏనాడూ లేదు. రాజమండ్రి నుంచి వచ్చి పదేళ్లయినా ఒక్క కూలీ పేరూ నేర్చుకోని మనిషి. గోదాములో అడుగు పెడితే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటాడు.

ఆ సాయంత్రం గవర్రాజు, ఎరువుల ఫ్యాక్టరీ లేబరేటరీలో పనిచేసే నీలకంఠాన్ని అడిగాడు.

“అది తినే ఎన్న కాదు, ఆంటిమొనీ అనే లోహంతో సేసిన రసాయనం. ఎన్నలాగ మెత్తగుంటాదని ఆ పేరు బావా” అన్నాడు నీలకంఠం. “తేమ తగిల్తేనే పొగలొత్తాది. నీల్లు పడితే తెల్లగా ఇరిగిపోయి యాసిడ్ పుడతాది. ఒంటి మీద పడితే మాత్రం గబుక్కున పొడిగుడ్డతో తుడిచి, పంపు కింద పావుగంట కడగాల. కాసిని నీల్లు సాలవు.”

మర్నాడు గవర్రాజు ఇదంతా కాగితం మీద రాసి ఇచ్చాడు. అచ్యుతరామయ్య చదవకుండానే దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

మూడోనాడు వాన. రేకుల్లోంచి కారిన నీళ్లు, మూత వదులైన ఓ పీపాలోకి దిగాయి. తెల్లటి ఘాటు పొగ లేచింది. కూలీలు దగ్గుతూ వెనక్కి తగ్గారు.

“గొట్టం పట్టి నీళ్లు కొట్టండి” అని అరిచాడు అచ్యుతరామయ్య.

“నీల్లొద్దండి. పొడి ఇసక పోయించండి.”

“మంటకి నీళ్లు కాక నెయ్యి పోస్తారా?”

“మంటెక్కడుందండి?”

ఆయన వినలేదు. వరహాలు అనే కూలీ చేతికి గొట్టం ఇచ్చాడు. నీళ్లు తగలగానే పీపా బుసకొట్టింది, పొగ గోదామంతా కమ్మేసింది. అందరికంటే ముందు బయటపడింది అచ్యుతరామయ్యే. చింది పడిన ముద్ద వరహాలు ముంజేతిని కాల్చేసింది. గవర్రాజు తువ్వాలు మూతికి కట్టుకుని నీళ్లు కట్టేశాడు. వరహాలుని బయటికి లాగి, పొడిగుడ్డతో చెయ్యి తుడిచి, పంపు కింద పెట్టాడు. మిగతావాళ్లు పీపా మీద ఇసుక పోశారు.

“నీళ్లొద్దన్నవాడివి ఇప్పుడెందుకు పోస్తున్నావు?” అన్నాడు అచ్యుతరామయ్య దూరం నుంచే.

“పీపా ఏరు, మనిసి ఏరు బాబూ” అన్నాడు గవర్రాజు. ఆయన వైపు చూడను కూడా లేదు.

వారం తిరక్కుండా అచ్యుతరామయ్య రాసిన రిపోర్టు తయారైంది. వెన్న దొంగిలించబోయి వరహాలు మూత తీశాడట. దాని కింద గవర్రాజు సాక్షి సంతకం పెట్టాలట.

గవర్రాజు చదివి కాగితం తిరిగి బల్ల మీద పెట్టాడు. “నాను పెట్టనండి. ఇలాటిది రాయడానికి మీకు సెయ్యెలా వచ్చిందండి?”

జరిగింది జరిగినట్టు తనే రాశాడు. పదకొండు మంది కూలీల వేలిముద్రలు వేయించి పెద్దాఫీసుకి పంపాడు. అచ్యుతరామయ్యకు ఏమీ కాలేదు. ఫ్యాను కింద ఇంకా పెద్ద కుర్చీ దొరికింది. గవర్రాజుని ఎండలో ఇనుప ఖనిజం గుట్టల దగ్గరికి మార్చారు.

వరహాలు మీద వేసిన దొంగతనం మాత్రం రికార్డులోంచి కొట్టేశారు. మూడు నెలలకు, ముంజేతి నిండా ముడుతపడిన చర్మంతో, అతను మళ్లీ పనిలో చేరాడు.