ఆకుపచ్చ అచ్చు

మర్నాటి వంటకి వెల్లుల్లి ఒలుస్తుంటే ఆయన వాకింగ్ నుంచి వచ్చి, చేతిలో సంచీని వంటింటి గట్టు మీద బోర్లించారు. అన్నీ పుట్టగొడుగులే. తెల్లగా, పైన గోధుమరంగు పొలుసులతో, కొన్ని టీ సాసరంత ఉన్నాయి.

"నీకొక్కదానికే వచ్చనుకున్నావా? పార్కులో పది నిమిషాల్లో సంచీ నిండింది," అన్నారు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసు మేనేజరు భార్యతో కలిసి మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. "మా ఆవిడ పుట్టగొడుగులు తనే ఏరి తెచ్చి వండుతుంది," అని ఈయన ఆఫీసులో చెప్పారట. ఏడాదిగా ఇంట్లో పిచ్చి అనిపించుకున్న పని ఆఫీసుకి వెళ్ళేసరికి గొప్ప ఎలా అయిందో! పైగా నేను ఇంతవరకూ ఏరి తెచ్చిన పుట్టగొడుగు ఒక్కటి కూడా వండలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ అడగలేదు.

మా పక్కవీధిలో ఒక రిటైరైన నర్సమ్మ ఉంటుంది. ఆదివారాలు పొద్దున్నే నలుగురైదుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని కాలవగట్టు మీద, రైలు పట్టాల పక్కన నడిపిస్తుంది. ఏ మొక్క తినొచ్చో, ఏది తినకూడదో చూపిస్తుంది. ఆవిడది ఒకటే పద్ధతి. ఏ మొక్కనైనా మొలకలో, పూతలో, విత్తులో, ఎండిపోయాక కూడా చూసి గుర్తుపట్టాకే నోట్లో పెట్టుకోవాలి. పుట్టగొడుగులైతే మూడు వానాకాలాలు చూడాలి. నేను నీళ్ళు పట్టి, టిఫిను చేసి, అత్తయ్య మందులు గ్లాసు పక్కన పెట్టి వెళ్ళి, అందరూ లేచేలోపు వచ్చేసేదాన్ని. నా నోటుపుస్తకంలో మొదటి పేజీ పావిలికూరది. దాని పక్కనే అచ్చం దానిలాగే నేలనంటుకుని పాకే మొక్క ఇంకోటి ఉంటుంది. కాడ తుంచితే పాలు వచ్చాయంటే అది పావిలికూర కాదు. ఈ ఒక్క విషయంలో చెయ్యి తిరగడానికి నాకు నెల పట్టింది. "మేక కూడా ఇంత ఆలోచించదు," అనేవారు ఆయన. కొనుక్కునే గతి లేక గడ్డి పీక్కుంటోందని నలుగురూ అనుకుంటారని అత్తయ్య బెంగ. నేను జవాబు చెప్పేదాన్ని కాదు. కళ్ళజోళ్ళ షాపులో వెనకగదిలో కూర్చుని అద్దాలు బిగిస్తాను నేను. నేను బిగించిన జోడు ముందు గదిలోకి తీసుకెళ్ళి, "దగ్గరుండి నేనే చేశాను" అని ఓనరు చెప్పడం రోజూ వినబడుతుంది. అక్కడ పలకని దాన్ని ఇంట్లో పలుకుతానా.

గట్టు మీద పడిన వాటిలో ఒకదాన్ని తిరగేసి చూశాను. గొడుగు అడుగున పుస్తకం పేజీల్లా పొరలుంటాయి. అవి తెల్లగానే ఉన్నాయి. కానీ ఇదే పోలికతో రెండు రకాలున్నాయని నర్సమ్మ చెప్పింది. ఒకటి తినేది, ఇంకోటి తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు పట్టించేది. పైకి చూసి తేల్చుకోలేం. కాడ కోసేసి, గొడుగుని తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి వదిలెయ్యాలి. పొరల్లోంచి పొడి రాలి కాగితం మీద అచ్చు పడుతుంది. ఆ పొడి రంగే సాక్ష్యం, ఆకుపచ్చగా పడితే విషపుదే. అలాగే పెట్టి షాపుకి వెళ్ళాను.

సాయంత్రం వచ్చి గిన్నె ఎత్తాను. కాగితం మీద సైకిలు చక్రం ఊచల్లా గీతలు, పాచి రంగులో. తెల్లగా పడుంటే ఇంకా ఆలోచించాల్సి వచ్చేది. పాచి రంగు పడ్డాక ఆలోచించడానికేమీ లేదు.

కాగితం తీసుకెళ్ళి ఆయనకి చూపించాను.

"ఫోన్లో ఫోటో పెట్టి చూశాను. తొంభై శాతం తినేదే అంది," అన్నారు ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"మిగతా పది శాతం ఎవరికి వడ్డించమంటారు?"

ఆయన అప్పుడు తిరిగి చూశారు. "నర్సమ్మ నాలుగు ముక్కలు చెప్పేసరికి డాక్టరువైపోయావే. నేను మాటిచ్చాను. నువ్వు వండు, చాలు."

అత్తయ్య మధ్యలోకొచ్చి సర్దిచెప్పింది. ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి వెండిచెంచా వెయ్యాలట, చెంచా నల్లబడకపోతే విషం లేనట్టేనట. వెండికి ఈ విషం తెలీదు, ఉడికించినా నమ్మకంగా పోదు. నర్సమ్మ మొదటి రోజు చెప్పిన సంగతే అది. చెప్పాను. ఎవరూ వినలేదు. ఆ రాత్రి పడుకున్నాక ఒక్కటే అనుకున్నాను. బాగుంటే పొగడ్త ఆయనకి, వాంతులైతే పేరు నాకు.

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి స్టవ్ మీద గిన్నెలో అవి ఉడుకుతున్నాయి. అత్తయ్య తరిగేసింది కూడా. వెండిచెంచా తళతళలాడుతోంది. నేను స్టవ్ ఆపి, చెంచా తీసి కడిగి, నీళ్ళు వంపేసి, మిగతాదంతా పాతకాగితాల్లో చుట్టి చెత్తబుట్టలో వేశాను. గిన్నె రెండుసార్లు తోమాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది.

"వాడికి నువ్వే చెప్పుకో," అంది.

చెబుదామంటే ఆయన కొత్త కుర్చీలు సర్దుతున్నారు, ఫోను మాట్లాడుతున్నారు, ఇంతలో వాళ్ళు రానే వచ్చారు. నేను తక్కినవన్నీ వండి వడ్డించాను. మేనేజరు మంచివాడిలాగే ఉన్నాడు. అతని భార్య నన్ను కూడా కూర్చోమని రెండుసార్లు అంది. రెండుసార్లూ మా ఆయనే, "తర్వాత తింటుందండి, తనకదే అలవాటు," అన్నారు.

తర్వాత వంటింటి వైపు తిరిగి, "అసలైనది దాచేశావేంటి? పుట్టగొడుగులు తే," అన్నారు నవ్వుతూ.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అందుకుంది. "మాడిపోయాయిరా. అమ్మాయి ఎంత బాధపడిందో."

మంచి మాటే అది. ఆయన పరువూ నిలుస్తుంది, నేనూ బతికిపోతాను. వంటలో ఏమరుపాటుగా ఉండే ఆడదాన్ని ఎవరైనా క్షమిస్తారు. అత్తయ్య ఇన్నేళ్ళూ ఇలా ఎన్ని మాడ్చుకుందో, ఎన్ని విరగ్గొట్టుకుందో ఆ క్షణంలో తెలిసినట్టయింది. ఆవిడ నా వైపు చూస్తోంది, ఊఁ అనమని.

"మాడలేదత్తయ్యా," అన్నాను. మేనేజరు భార్య వైపు తిరిగి చెప్పాను. "అవి ఈయన పార్కులో కోసుకొచ్చారండి. తినేవి కావు. అందుకని నేనే పారేశాను."

మేనేజరు మంచినీళ్ళు తాగాడు. అతని భార్య కంచం మీంచి చెయ్యి తీసి, "తినేవి కావని నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగింది.

వెటకారంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. ఈ ఇంట్లో నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదలు. నా చేతిలో గరిట పక్కన పెట్టి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గొడుగు అడుగున పొరల సంగతి దగ్గర మొదలుపెట్టాను. తెల్లకాగితం దాకా వచ్చేసరికి మా ఆయన చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయారు.