డిస్కు మీద బొట్టు

బాగా పనిచేస్తున్నదాన్ని మార్చమని నేనెవరినీ అడగలేదు. అమలాపురం నుంచి కంప్యూటర్లు బాగుచేసే నాగసతీష్ వచ్చి, "మీ కాపీ ప్రోగ్రాం పాతదైపోయిందండి, కొత్త వెర్షన్ వేసేస్తాను" అని వేసేసి వెళ్ళేడు. రాజోలు బస్టాండు పక్కన నేను క్యాసెట్లు అద్దెకిచ్చుకుంటుంటే సీడీలన్నారు. సీడీలు తెస్తే డీవీడీలన్నారు. ఇప్పుడవీ వద్దట, డిస్కులో ఉన్నది సెల్‌ఫోను కార్డులోకి ఎక్కించమంటారు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఎన్నని నేర్చుకోను?

మర్నాడు మొదటి బేరం పక్కనున్న నగరం అనే పల్లె నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు. అత్తగారు సుబ్బాయమ్మ, కోడలు అనిత. అనిత మొగుడు కువైట్‌లో డ్రైవరు. ఈ పిల్ల కడుపుతో ఉండగా వెళ్ళేడు, కూతుర్ని ఇంతవరకూ కళ్ళారా చూళ్ళేదు. ఆ పాప అన్నప్రాసన డీవీడీ పట్టుకొచ్చేరు.

"దీన్ని కార్డులోకి ఎక్కించాలి అన్నయ్యగారూ. మా ఊరి అంజిబాబుగారు సాయంత్రం హైదరాబాద్ బస్సెక్కి అట్నుంచటే కువైట్ వెళ్ళిపోతారు. ఆయన చేత పంపాలి," అంది అనిత.

"ఎంతసేపమ్మా, కూర్చోండి," అని, కొత్త వెర్షన్ మీద చిరాకులో ఉన్నానేమో, డిస్కు వంక చూడకుండానే పెట్టేసేను.

ఎంత ఎక్కిందో తెర మీద చూపించే పచ్చగీత సగం దాకా చకచకా జరిగింది. అక్కడ ఆగిపోయింది. లోపల డ్రైవు గర్రుగర్రుమంటోంది గానీ గీత వెంట్రుకవాసి కూడా కదలదు. అత్తాకోడళ్ళు హోటల్నించి టీ తెప్పించుకుని తాగేరు, నాకూ ఇచ్చేరు. టీ అయింది, గీత అక్కడే ఉంది.

నాగసతీష్‌కి ఫోన్ కొట్టేను. "ఏం వేసి వెళ్ళేవయ్యా నా కొంప మీద?"

"ఆయ్, ఏమైందండీ తాతాజీ గారూ?"

"నిన్నటి దాకా పరిగెత్తింది ఇవాళ కుంటుతోంది. నీ కొత్త వెర్షన్ తీసుకెళ్ళి గోదాట్లో పారెయ్."

"కోప్పడకండి. వేరే డిస్కు పెట్టి చూడండోసారి."

పెట్టేను. ఎవరిదో పెళ్ళి. తాళి కట్టేసి, భోజనాలు కూడా అయిపోయేయి అంత తొందరగా.

"అయితే తేడా ఆ డిస్కులోనే ఉందండి," అన్నాడు. "పాత వెర్షన్ చదవలేని చోటు వదిలేసి ముందుకెళ్ళిపోయేది. కొత్తది వదలదండి. వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చదువుద్ది. తొందరైతే వదిలెయ్యమని టిక్కు పెట్టండి." అదెక్కడుందో కూడా చెప్పేడు.

పెట్టేను. గీత గబగబా చివరికెళ్ళిపోయింది. ఆడుతుందో లేదోనని ముగ్గురం చూసేం. చాప మీద పాప. ముందు పళ్ళెంలో పుస్తకం, పెన్ను, పువ్వు, నోట్ల కట్ట. పాప పళ్ళెం దాటి పక్కకి పాకింది, చెయ్యి చాపింది. అంతే, బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరిపోయింది. మళ్ళీ కుదురుకునేసరికి పాప నోట్ల కట్ట పట్టుకుని కూర్చుంది. చుట్టూ చప్పట్లు.

"బాగానే వచ్చిందమ్మా, కాస్త ముక్క పోయిందంతే," అన్నాను.

అనిత కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ఆ ముక్కే కావాలండి."

అప్పుడు చెప్పింది. ఆ వేళ మొగుడు ఫోన్ చేసి మాట్లాడుతుంటే లైన్ తెగిపోయిందట. ఫోను చాప పక్కన పెట్టింది. పాప పళ్ళెం వంక చూడనైనా చూడకుండా పాక్కుంటూ వెళ్ళి, ఆ ఫోను రెండు చేతుల్తో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుందట.

"దానికి నాన్నంటే ఫోనే కదండీ. ఏం పట్టుకుందని ప్రతి శుక్రవారం, సెలవునాడు ఫోన్ చేసి అడుగుతారు. చూద్దురుగానీ అని దాచేను. ఇలా నోట్లు పట్టుకున్నదొక్కటే పంపితే..."

"ఫోను లెక్కలోకి రాదని మళ్ళీ కూర్చోబెట్టింది నేనే," అంది సుబ్బాయమ్మగారు నెమ్మదిగా. "అప్పుడు నోట్లు పట్టుకుంది." వీడియో తీసినతను అదే క్యాసెట్టు మీద ఎవరిదో పెళ్ళి తీసేసేడట. ఉన్నదిదొక్కటే.

నేనూ మస్కట్‌లో ఉండొచ్చినవాణ్ణే. తిరిగొచ్చిన రోజు నా కూతురు గుమ్మంలో నన్ను చూసి, "అమ్మా, ఎవరో వచ్చేరు" అంది. అందుకని డిస్కు బయటికి తీసి వెలుతుర్లో పెట్టేను.

మెరిసేవైపు ఇంత పసుపు, దాని మీద కుంకంబొట్టు. ఎండి అట్టకట్టేసి ఉంది.

"ఇదెవరు పెట్టేరండీ?"

"నేనే అబ్బాయ్," అంది సుబ్బాయమ్మగారు. "కొత్త బండికి పెడతాం, ఫ్రిజ్జుకి పెట్టేం. నా కొడుకు దగ్గరికెళ్ళేది వట్టినే ఎలా పంపుతాను? పొద్దున్నే దేవుడి దగ్గర పెట్టి, అద్దంలా ఉంది కదాని ఇటు పెట్టేను."

"అద్దంలా ఉన్నవైపే చదువుద్దండి అది!" జేబురుమాలు తీసేను. "తుడిచేస్తే సరి."

అనిత గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "వద్దండి! ఆయన క్షేమం కోసం పెట్టిన బొట్టు. ఆయన అంత దూరంలో ఉండగా తుడిచేస్తామా?"

బయట బస్టాండులో మైకు అరుస్తోంది. అంజిబాబు రెండుసార్లు ఫోన్ చేసేడు. తుడవకపోతే ఆ ముక్క రాదు. తుడవమని ఆ పిల్లతో చెప్పే నోరు నాకు లేదు.

సుబ్బాయమ్మగారే లేచింది. "తుడవడమేమిటే పిచ్చిదానా. ఇలా రా."

నా సీసాలో నీళ్ళు వేలికి అద్దుకుని డిస్కు మీద బొట్టు తడిపింది. మెల్లిగా, ఉంగరంవేలితో కుంకం ఎత్తి కోడలి నుదుట పెట్టింది. పసుపు ఎత్తి సూత్రాలకి రాసింది. "ఇక్కడుండాల్సింది ఇక్కడికొచ్చింది. చూసుకోవోయ్ తాతాజీ."

మిగిలిన మరక నేను సబ్బునీళ్ళతో, మధ్యలోంచి అంచుకి, మెత్తని గుడ్డతో తీసేను. టిక్కు కూడా తీసేసేను. ఏదీ వదలొద్దనే చెప్పేను దానికి. బొట్టున్న చోట ఓ క్షణం గర్రుమని తడుముకుంది, దాటేసింది.

పాప పాకింది. ఫోనందుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పింది. అనిత పమిట నోట్లో కుక్కుకుంది.

సుబ్బాయమ్మగారు తెర మీది నోట్ల కట్టని వేలితో చూపించింది. "అబ్బాయ్, ఆ నోట్లు పట్టుకున్న ముక్క కత్తిరించెయ్యి. అవి సంపాదించడానికేగా వాడక్కడున్నాడు."

కత్తిరించడం పాత వెర్షన్లో నాకు కంఠతా వచ్చు. కొత్తదాన్లో అదెక్కడుందో తెలిస్తేగా. మళ్ళీ ఫోన్ కొట్టేను.

"ఆయ్," అన్నాడు నాగసతీష్ భయంభయంగా, "ఇప్పుడేమైందండీ?"