మూడో ఊపిరి

మూడో ఊపిరి కోసం ఆమె అరచెయ్యి కాచుకుని ఉంది. ప్లగ్గు తీసేసిన రంధ్రానికి ఎదురుగా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. కారు ముందు వంగి మేస్త్రి పొడుగాటి స్పానరుతో ఇంజనును నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఫుఫ్. కాసేపటికి మళ్ళీ, ఫుఫ్. మూడోది ఆలస్యమైనట్టనిపించింది. ఫుఫ్.

"ఏమంటోంది?" అన్నాడు మేస్త్రి.

"ఇంకోసారి తిప్పండి."

"ఇందాకట్నుంచీ తిప్పుతూనే ఉన్నాగా?"

"నా తృప్తికోసం."

"నీ తృప్తికోసం తిప్పుకుంటూ పోతే ఇంజను ఇక్కడే అరిగిపోతుందే," అన్నాడు గానీ తిప్పాడు. తిప్పి, స్పానరు వదిలి, ఎడమ భుజం పట్టుకుని నొక్కుకున్నాడు.

మూడూ సమానంగానే ఉన్నాయి. ఆ మాట ఆమె నోటితో చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందన్నట్టు తల మాత్రం ఊపింది.

ఊళ్ళో మిగతా షెడ్లవాళ్ళు ఇలాంటి ఇంజను అనగానే చేతులు తుడుచుకుని లోపలికి పోతారు. మామూలు ఇంజనులో పిస్టన్లు పైకీ కిందకీ ఆడతాయి. ఈ రోటరీ ఇంజనులో పిస్టన్లే ఉండవు. మూడు మూలల ఇనుప దిమ్మలు రెండు, ఒకదాని వెనక ఒకటి, నడుము నొక్కిన డబ్బాల్లాంటి గదుల్లో గుండ్రంగా తిరుగుతుంటాయి. మూలమూలకీ సన్నని సీళ్ళు, వాటి అడుగున వాటిని గోడకు అదిమిపట్టే చిన్న చిన్న స్ప్రింగులు. ఒక్క స్ప్రింగు లేకపోతే చాలు, ఆ మూల ఊపిరి జారిపోతుంది. బండి నీరసపడి ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. అందుకని ఇంజను మొత్తం విప్పి, కడిగి, అరిగినవి మార్చి, మళ్ళీ పేర్చాలి. ఈ షెడ్డులో జరిగే పని అదొక్కటే.

కడగడం ఆమె పని. పెళ్ళయి వచ్చిన కొత్తలో కిరసనాయిలు తొట్టిలో చెయ్యి పెట్టడానికే భయపడేది. ఎవడైనా బీడీ విసిరితే? చీర కొంగు అంటుకుంటే? ఇప్పటికీ షెడ్డులో అగ్గిపెట్టె కనిపిస్తే తీసుకెళ్ళి నీళ్ళ బకెట్టులో పడేస్తుంది. పాత కర్టెను గుడ్డకు వరసగా జేబులు కుట్టి, కడిగిన ప్రతి ముక్కనూ దాని జేబులోనే పెడుతుంది. ఏ జేబు ఏ మూలదో రంగు దారంతో గుర్తు. మేస్త్రి చెయ్యి చాపితే ఆమె జేబులోంచి తీసి ఇస్తుంది. అతను దానికి వాజలీను రాసి, జారిపోకుండా గాడిలో అతికిస్తాడు. మార్చేసిన పాత ముక్కను ఎప్పుడూ ఆ గుడ్డలో పెట్టకూడదు, తుక్కు డబ్బాలోనే వెయ్యాలి. ఆ నియమం మేస్త్రిదే. పని అయ్యేసరికి గుడ్డ ఖాళీ అవ్వాలి. గుడ్డ ఖాళీ అయితేనే ఆమెకు నిద్ర.

సుత్తిదెబ్బలకు మేస్త్రి చెవులు ఏనాడో మొద్దుబారాయి. ఊపిరి కొలిచే మీటరు గోడకు వేలాడుతూనే ఉంటుంది. "మీటరు చెప్పేది బండివాళ్ళకి, నీ చెయ్యి చెప్పేది నాకు," అంటాడు.

"నాన్నా, ఎక్కనా?" కూతురు తాళాలు ఆడిస్తూ వచ్చింది. ఇంట్లో ఆ పిల్లను పిట్ట అంటారు. ఒక చోట కుదురుగా నిలబడదు. ఇక్కడ ఇంజను కొత్తగా కట్టిన ప్రతి బండినీ ఊరి బయట పెద్ద రోడ్డు మీదకు తీసుకెళ్ళి, నెమ్మదిగా నడిపి తెచ్చేది పిట్టే. ఈ బండి పళ్ళడాక్టరుది. ఇంతకుముందు చూపించిన చోటల్లా ఇంజను పీకి మామూలుది పెట్టించుకోమన్నారట.

ప్లగ్గులు బిగించారు. పిట్ట తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. వెంటనే షెడ్డు నిండా తెల్లటి పొగ కమ్మేసింది. లోపల రాసిన వాజలీను కాలే పొగ అది. ప్రతి ఇంజనుకూ వస్తుంది, కాసేపటికి పోతుంది. అది తెలిసీ ఆమె ప్రతిసారీ ఇసక బకెట్టు దగ్గరికి పరిగెడుతుంది. ఈసారీ పరిగెత్తింది.

"అమ్మా, బకెట్టు దించు. నా నెత్తిన పోసేలా ఉన్నావు."

"నోర్మూసుకో. లారీల వెనకే దగ్గరగా పోకు. ఫోను ఎత్తకు."

"ఎత్తనని ఒట్టు వేయించుకున్నావుగా."

"బెల్టు?"

"పెట్టుకున్నా తల్లీ. ఊపిరాడనిస్తావా?"

పొగ పలచబడింది. బండి గేటు దాటి, మలుపు తిరిగి, చప్పుడు కూడా అందకుండా పోయింది.

మేస్త్రి రేకు కుర్చీలో కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. తెచ్చిన టీ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశాడు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

"మొన్న బండిలోంచి ఇంజను దింపేటప్పుడు భుజం పట్టేసింది."

"డాక్టరు దగ్గరికి పోదాం."

"కిందటిసారి నాకు తుమ్మొస్తే కూడా తీసుకెళ్ళావు. ఆయన మళ్ళీ నవ్వుతాడు. పిట్ట రానీ, చూద్దాం."

ఆమె బల్ల సర్దడం మొదలుపెట్టింది. గుడ్డ మడుస్తుంటే వేళ్ళకు ఏదో గట్టిగా తగిలింది. పచ్చదారం జేబులో వేలు పెట్టి తీసింది. స్ప్రింగు. మూల సీలు కింద ఉండాల్సిన స్ప్రింగు.

అది ఇక్కడుంటే అక్కడ లేనట్టే. పిట్ట లారీల మధ్య ఉంది. బండి నీరసపడుతుంది. వెనకవాడు హారను కొడతాడు. ఆ తరవాతది ఆమె చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏవండీ! ఇది మిగిలిపోయిందండీ!"

మేస్త్రి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఓ, అదా. పాతది. కొంచెం మెత్తబడిందని కొత్తది వేశా."

"పాతదైతే తుక్కు డబ్బాలో ఉండాలిగా? గుడ్డలో ఎందుకుంది?"

"నిన్న సాయంత్రం చెయ్యి లాగేస్తోంది. లేవబుద్ధి కాలేదు. దొరికిన జేబులో పెట్టేశా."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అలా పెట్టారా?"

"నిన్న పెట్టానే."

ఆమె నమ్మలేదు. తను బెంబేలెత్తితే సర్దిచెప్పడానికి ఆయన అబద్ధాలాడతాడని తెలుసు. పిట్ట చిన్నప్పుడు సైకిలు మీదనుంచి పడితే, ఏదో గీరుకుందన్నాడు. ఇంటికొచ్చి చూస్తే మోచేతికి కట్టు.

"నా మీద ఒట్టేసి చెప్పండి."

"నీ చెయ్యే చెప్పింది కదా ఇందాక! మూడూ సమానమని తలూపావు."

"నా చేతికేం తెలుసు! కిరసనాయిలుకి చర్మం మొద్దుబారిపోయింది. మూడోది ఆలస్యమైందని నాకప్పుడే అనిపించింది. మీరు వినిపించుకోలేదు."

"నువ్వు చెప్పలేదుగా."

"చెప్పేది ఏముంది, మొహం చూస్తే తెలియదూ?"

మేస్త్రి నవ్వబోయి, మధ్యలో ఆగి ఛాతీ రుద్దుకున్నాడు. ఆమె అప్పటికే గేటు వైపు నడుస్తోంది.

ఫోను తీసి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తదు. ఎత్తకూడదని ఒట్టు వేయించుకున్నది తనే. మళ్ళీ చేసింది. మోత వింటే పిల్ల కంగారుపడి చెయ్యి తీస్తుందేమో, తన ఫోనే దాన్ని చంపుతుందేమో అనిపించి చటుక్కున పెట్టేసింది.

ఎదురుగా టైర్ల కొట్టు. అందులో ఉండే అతను ఆమెను వదినా అని పిలుస్తాడు. చేతిలోని ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ, "ఏంటి వదినా, రోడ్డుని అలా చూసి చూసి అరగదీసేస్తున్నావు? నా వ్యాపారం నువ్వే నడిపిస్తున్నట్టున్నావ్," అన్నాడు.

"పిట్ట ఇంకా రాలేదు తమ్ముడూ."

"ఇప్పుడేగా వెళ్ళింది! రైలు గేటు పడి ఉంటుంది."

రైలు గేటు అనగానే ఆమెకు పట్టాలు గుర్తొచ్చాయి. బండి పట్టాల మధ్యలో ఆగిపోతే? ఆ ఆలోచన రానిచ్చినందుకు తన చెంప మీద తనే కొట్టుకుంది. కిరసనాయిలు వాసన వదలని చెయ్యి ముక్కుకు తగిలింది.

వెనక షెడ్డులో డబ్బా దొర్లిన చప్పుడయింది. రేకులు, పాత బోల్టులు నేల మీద చిందాయి. మేస్త్రి ఏదో వెతుకుతున్నాడు కాబోలు. ఇంత కంగారులో ఈయనకి సర్దుడేమిటో అనుకుంది. రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. తిప్పితే ఆ క్షణంలోనే ఏదో జరిగిపోతుందని ఆమెకు పిట్ట పుట్టినప్పటినుంచీ ఒక నమ్మకం.

"ఇదిగో, ఇటు చూడవే," అని పిలిచాడు మేస్త్రి. గొంతు కొంచెం అలసటగా ఉంది.

"ఉండండి," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

మళ్ళీ పిలవలేదు. కుర్చీ కిర్రుమంది.

తెల్ల కారు వచ్చింది, వేరేది. నీళ్ళ ట్యాంకరు వచ్చింది. బడి ఆటో వచ్చింది. ఎండ గోడ మీదనుంచి గేటు మీదకు దిగింది. ఆమె మొక్కని దేవుడు లేడు. పిట్ట ఇంటికొస్తే చాలు, ఇంకేమీ అడగనని అందరితోనూ ఒకే మాట చెప్పింది.

అప్పుడు వినిపించింది. మామూలు బళ్ళ చప్పుడు కాదు, తుమ్మెదల గుంపులాంటి సన్నని రొద. మలుపు దగ్గర పళ్ళడాక్టరు బండి కనిపించింది. ఎక్కడా తడబడకుండా, నీరసపడకుండా వస్తోంది. పిట్ట కిటికీలోంచి చెయ్యి ఊపింది. చెయ్యి బయట పెట్టొద్దని అరవబోయి ఆమె ఏడ్చేసింది.

"రైలు గేటు పడిందమ్మా! బండి మాత్రం ఎలా ఉందనుకున్నావ్! నాన్నకి చెప్పు, వెన్నలా వెళ్తోంది."

"ఏవండీ, వచ్చేసిందండీ!" అంటూ ఆమె లోపలికి పరిగెత్తింది. "వచ్చేసింది! మీరన్నదే నిజం. పాతదేనండీ అది, పాతదే!"

మేస్త్రి రేకు కుర్చీలో గేటు వైపు తిరిగి కూర్చునే ఉన్నాడు. తల భుజం మీదకు వాలింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. పక్కన తుక్కు డబ్బా బోర్లా పడి ఉంది.

"నిద్రపోయారా? ఇంత చప్పుడవుతుంటే?"

భుజం తట్టింది. ఇంకోసారి తట్టింది. కుడి చెయ్యి ఎత్తి, ఆయన ముక్కుకు ఎదురుగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది.

పిట్ట ఇంజను ఆపేసి లోపలికి వచ్చింది. "అమ్మా?"

"ష్. ఉండు."

టైర్ల అతను రోడ్డు దాటి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. కొంచెం దగ్గరగా జరిపింది. ఇంకొంచెం జరిపింది. ఒక్కటి వచ్చినా చాలు, మూడూ అక్కర్లేదు.

"వదినా," అన్నాడు అతను చాలాసేపటికి, "ఇంక చెయ్యి తీసెయ్ వదినా."

పిట్ట నేల మీద కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అరచేతిలో, తుక్కు డబ్బా అడుగునుంచి వెతికి తీసిన చిన్న ప్లాస్టిక్ సంచి ఉంది. కొత్త స్ప్రింగు వచ్చిన సంచి. ఒక పక్క చింపి ఉంది, లోపల ఖాళీ, పైన వాజలీనులో పడిన బొటనవేలి ముద్ర.