తన్నుకొచ్చిన బొమ్మ

ఆ చిత్రకారుణ్ణి అందరూ ఉప్పెన అనేవారు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు. నలుగురి నోటా పలికించడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది. ఆయన ఒక కళా ఉద్యమం లేవదీశాడు. బొమ్మ వేసేముందు ఆలోచించడం మహాపాపం, మనసులోంచి తన్నుకొచ్చిందే కళ, తక్కినదంతా గోడకు వేసే సున్నం అన్నది దాని సిద్ధాంతం. ఈ ముక్క తట్టడానికి ఆయన ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నాడో భార్యకొక్కతెకే తెలుసు.

ఒక గ్యాలరీ ప్రదర్శనలో జనం ఎదుటే బొమ్మ వేయాలి. అందుకని ఆయన వారంపాటు పడగ్గదిలో అద్దం ముందు నిలబడి దుఃఖాన్ని సాధన చేశాడు.

"ఏమండీ, కళ్లు తుడుచుకునేటప్పుడు కుంచె రెండో చేతిలోకి మార్చుకోండి. నిన్న ముక్కుకి నీలం అంటింది," అంది భార్య.

"నువ్వలా మాట్లాడుతుంటే ఏడుపెలా వస్తుందే?"

"మా అమ్మ వచ్చి నెల్లాళ్లు ఉంటుందట. ఇప్పుడొస్తుందేమో చూడండి."

ప్రదర్శన నాడు హాలు కిక్కిరిసింది. ఆయనకొక కాన్వాసు, పక్కనే శిష్యురాలికొకటి నిలబెట్టారు. ఉప్పెన కళ్లు మూసుకుని దుఃఖాన్ని పిలిచాడు. రాలేదు. కోపాన్ని బతిమాలాడు. అదీ మొహం చాటేసింది. పిలవకుండా వచ్చింది ఆవలింత ఒక్కటే. జనం దాన్ని ఆక్రోశం అనుకుని నిట్టూర్చారు.

ఈలోగా శిష్యురాలు, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ఒక ముసలమ్మను గీసేసింది. ఒక్కొక్కరే అటు జరిగారు. ఆ బొమ్మ బాగుందని అందరికంటే ముందు తెలిసింది ఉప్పెనకే. తన చేతికి అలాంటి గీత ఒక్కనాడూ రాలేదనీ తెలిసింది. కుళ్లు భగ్గుమంది. ఏం చేస్తున్నాడో తెలిసేలోపే కాలు లేచింది. శిష్యురాలి కాన్వాసు నిలువునా చిరిగింది.

ఆయన శిష్యురాలి వైపు తిరిగాడు. "తప్పయిపోయిందమ్మా," అనబోయాడు. గ్యాలరీ యజమాని చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది.

"కళంటే ఇదండీ! మనసులోంచి ఎలా తన్నుకొచ్చిందో చూశారా!" అన్నాడు యజమాని.

"తన్నింది మనసు కాదండీ, కాలు," అంది భార్య వెనక వరసలోంచి. ఎవరూ వినిపించుకోలేదు.

చిరిగిన కాన్వాసు కింద పెద్దక్షరాలతో ఉప్పెన పేరు రాశారు. శిష్యురాలి పేరు, వాడిన సామగ్రి జాబితాలో, రంగుల తర్వాత వచ్చింది.

ఉప్పెనకు నిజంగానే సిగ్గేసింది. మర్నాడు యజమాని ఫోన్ చేసి, "వచ్చే ప్రదర్శనలోనూ ఇలాగే తన్నాలి సార్," అనేసరికి ఆ సిగ్గు కాస్త నెమ్మదించింది. ఆయన శిష్యురాలి గదికి వెళ్లాడు.

"అమ్మా, అలాంటి మంచి బొమ్మ ఇంకొకటి వేసిపెట్టాలి."

ఆమె కుంచెలు కడుగుతూనే, "ఈసారి మీరు గీయండి సార్. నేను తంతాను," అంది.

ఆయన సరేనన్నాడు. ఇంటికొచ్చి కాన్వాసు ముందు కూర్చున్నాడు. ఎదుటివాళ్లకు కుళ్లు పుట్టేంత బొమ్మ వేయాలి మరి! నెలలు గడుస్తున్నాయి. యజమాని ఫోన్ చేసినప్పుడల్లా, "గీస్తున్నారండీ," అంటోంది భార్య. అబద్ధమేమీ కాదు, గీస్తూనే ఉన్నాడు.