బొటనవేలి మీద కొండ

పోటీకి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్నే తమ్ముడు అక్క ఇంటి పెరట్లో సైకిల్ కడుగుతాడు. ఒక చేతిలో నీళ్ల గొట్టం, ఇంకో చేతిలో అరిగిపోయిన టూత్‌బ్రష్. గొలుసు సందుల్లో ఇరుక్కున్న మట్టి కూడా రాలేదాకా టీ ముట్టడు. అక్క కూతురు కొండల మీంచి కిందికి సైకిల్ దూకించే పందాల్లో పదమూడేళ్లుగా ఉంది. ఆ పదమూడేళ్లూ ఆ పిల్లకి మెకానిక్ ఈ మేనమామే.

కడిగిన మట్టి తూములోకి పోదు. గోడవారకి చేరి, ఆరి, రెండు రోజుల్లో మోకాలెత్తున లేచి నిలబడుతుంది. పందెం జరిగిన కొండే అది, మలుపులూ చెట్ల వేళ్లూ రాళ్లతో సహా. ఏటా అవే కొండల మీద పందాలు జరుగుతాయి కాబట్టి పెరట్లో కొండలు తొమ్మిదికి మించి పెరగలేదు. అదైనా నయం, లేకపోతే బట్టలారేసుకోవడానికి చోటుండేది కాదు. అక్కడ వాన పడితే ఇక్కడి కొండ తడుస్తుంది. "వదినా, మీ నాలుగో కొండ మీద మబ్బు పట్టింది, దుప్పట్లు తీసేసుకో," అని పక్కింటి పంతులమ్మ గోడ మీంచి కేకేస్తుంది.

ఆ ఇంటి తల్లి, అంటే అతని అక్క, బట్టలు కుడుతుంది. ఆవిడకి కొండల మీద కోపం లేదు, కోపమంతా సైకిల్ మీదే. కూతురి పందెం ఒక్కటీ చూసి ఎరగదు. టీవీలో వస్తుంటే వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్లీ తోముతుంది. లోకమంతా ఆ పిల్లని పిడుగు అంటుంది. "పడేదానికి తప్ప వేరే దేనికీ పేరే లేనట్టు!" అని తల్లి తమ్ముణ్ణి సాధిస్తుంది, ఆ పేరు పెట్టింది అతనే కాబట్టి.

మూడేళ్ల కిందట బట్టలారేస్తుంటే ఆవిడ చేతిలోంచి ఒక క్లిప్పు జారి నాలుగో కొండ మీద పడింది. అదే సమయానికి అక్కడ దారికి అడ్డంగా పెద్ద మాను కూలి, పందెం రెండు గంటలు ఆగింది. ఇంటికొచ్చాక కూతురు తల్లి చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. "కొండ అందరిదీ అమ్మా. నా కోసం ఒక్క గులకరాయి కూడా కదపకు."

తల్లి ఒట్టు తప్పలేదు. నిరుడు ఆరో కొండ పిల్ల మెడ కింది ఎముక విరగ్గొట్టి పంపింది. ఆరు వారాలు తల్లే చొక్కా బొత్తాలు పెట్టి, తల దువ్వి, పక్కకి తిరగాలంటే పట్టుకుని తిప్పింది. అప్పుడు కూడా ఆ కొండని కాలితో తన్నలేదు. తిట్టింది మాత్రం కడుపారా తిట్టింది.

ఆ ఆరో కొండ మీద మళ్లీ పందెం వచ్చింది. ఆదివారం పొద్దున్న కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, చెట్ల కింద తడి ఆరిందా చూడు."

"పైన ఆరింది. చెట్ల కింద ఇంకా చెమ్మగానే ఉందే. నెమ్మదిగా పో."

"నెమ్మదిగా పోతే ఇంటికే పోవాలి." నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది. "ఇవాళ గెలిస్తే నా ఖర్చులు పెట్టుకునే సైకిల్ కంపెనీ ఇంకో రెండేళ్లు ఉంచుకుంటుంది. లేకపోతే నాకిదే ఆఖరు. నిన్న అందరికంటే వేగంగా దిగింది నేనే, అందుకని ఇవాళ అందరికంటే చివర నన్ను వదులుతారు. ముప్పై మందిలో ముప్పయ్యోదాన్ని."

"ముప్పై మూడేళ్లొచ్చాయి. చాల్లేవే ఇంక."

"ఆ మాట రేపు చెప్పు. ఇవాళ దీవించు."

"దీవించాను, పో," అంది తల్లి. ఫోన్ పెట్టేశాక గడప పక్కనున్న ఇటుక వంక చూసింది. అది తీసుకెళ్లి దారికి అడ్డం పెడితే పందెం ఉండదు, పిల్ల ఎముకలు పిల్లకుంటాయి. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి, పొయ్యి మీద పాలు పెట్టి, ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వచ్చింది.

అప్పటికే పందెం మొదలైంది. ఒక్కొక్కరే దిగాలి, అందరికంటే తక్కువ సమయంలో దిగినవాళ్లే గెలిచినట్టు. కొండ మీద సన్నటి దుమ్ము గీతలు దిగుతున్నాయి. సగం దారిలో పెద్దగా దూకాల్సిన చోటొకటుంది. పైనున్న బండ మీంచి గాల్లోకి లేచి, కింద గట్టు మీద వాలాలి. అయిదో పిల్ల ఆ గట్టు మీద వాలగానే దాని కింద వెంట్రుకంత చీలిక కనిపించింది. పిగలబోయే కుట్టు ఎలా ఉంటుందో ఆవిడకి చెప్పక్కర్లేదు. అక్కడ కొండ పైనుంచి చూసేవాళ్లకి అది కనబడదు. ఇంకో నలుగురైదుగురు వాలితే గట్టు ఊడిపోతుంది, వాలుతున్న పిల్లతో సహా.

తమ్ముడికి ఫోన్ చేసింది. పనిముట్ల సంచిలో మోగి మోగి ఆగిపోయి ఉంటుంది. కూతురి ఫోను కూడా ఆ సంచిలోనే. ఇటుక పెడదామంటే మనుషులు దిగుతున్నారు, ఎవరి నెత్తిన పడుతుందో. పుల్ల పోటు పెడదామంటే అక్కడది దుంగై దారిలోకి పొడుచుకొస్తుంది. ఆరో పిల్ల బండ మీదికి వచ్చేస్తోంది. ఒట్టు గుర్తుంది. అయినా మోకాళ్ల మీద కూలబడి, గట్టు కిందికి బొటనవేలు దూర్చి ఎత్తి పట్టుకుంది.

చీమ పాకినట్టు ఆరో పిల్ల వేలి మీంచి పోయింది.

"వదినా, పాలు పొంగుతున్న వాసన!" అంది పంతులమ్మ గోడ అవతల్నించి.

"నువ్వొచ్చి పొయ్యి ఆపు తల్లీ. చెయ్యి ఖాళీ లేదు."

పంతులమ్మ వచ్చింది, పొయ్యి ఆపింది, ఏమైందని అడక్కుండా పక్కన పీట వేసుక్కూర్చుని లెక్కపెట్టడం మొదలెట్టింది. మధ్యమధ్యలో తమ్ముడికి ఫోన్ చేసింది, వదినకి నీళ్లు తాగించింది. పదిహేను. పదహారు. రెండు నిమిషాలకొకరు. ఎండ నెత్తికెక్కింది, మోకాళ్లు చెక్కలైపోయాయి.

"మీ అమ్మాయి కాకపోయినా పట్టుకునే ఉంటావా?" అంది పంతులమ్మ ఇరవయ్యో పిల్ల దిగాక.

"వీళ్లకి మాత్రం అమ్మల్లేరా?"

ఇరవై తొమ్మిదో పిల్ల వేలి మీంచి సూదిలా దూసుకుపోయింది. అంత వేగంగా పోయినవాళ్లు లేరు. తర్వాత ముప్పయ్యోది. అది ఎవరో పంతులమ్మ చెప్పక్కర్లేకపోయింది. తొమ్మిది నెలలు మోసిన బరువు వేలి మీద వాలితే తెలియకుండా ఎలా ఉంటుంది? తల్లి కళ్లు మూసుకుంది. బరువు వాలింది, ఒక్క క్షణం తటపటాయించింది, వెళ్లిపోయింది.

వేలు తీయగానే గట్టు మొత్తం జారి కింద పడింది. దాని మీద ఎవరూ లేరు. ఆవిడ పంతులమ్మ భుజం మీద తల పెట్టి, వెక్కివెక్కి ఏడ్చింది.

మంగళవారం కూతురూ తమ్ముడూ ఇంటికి వచ్చారు. పందెంలో కూతురు రెండో స్థానంలో వచ్చింది. ఇరవై తొమ్మిదో పిల్ల, పంతొమ్మిదేళ్లది, రెప్పపాటు తేడాతో గెలిచింది. కంపెనీవాళ్లు చెయ్యి కలిపి, వెళ్లి రమ్మన్నారు. పందెం అయిన నిమిషానికి కూలిన గట్టు చూసి నిర్వాహకులకి చెమటలు పట్టాయట. వచ్చే ఏడు నుంచి దారులన్నీ ముందుగా నడిచి, కిందా మీదా చూసి, సరేననే పని చేస్తావా అని కూతురినే అడిగారట. చేస్తానని చెప్పి వచ్చింది.

తల్లి ఇవేవీ వింటున్నట్టు లేదు. మిషను ముందు కూర్చుని, వాచిన వేలు ఒళ్లో దాచుకుంది.

"ఒట్టు తప్పానే," అంది చివరికి. "నేను చివరిదాకా పట్టుకోకపోతే ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల పడేది. నువ్వు గెలిచేదానివేమో."

"ఆ పిల్ల పడితే నేనేం గెలుస్తానమ్మా." కూతురు వచ్చి కింద కూర్చుంది. తల్లి చెయ్యి బయటికి లాగి, వేలు విప్పి చూసింది. వెంట్రుకల్లాంటి గీతలు ఇరవై అయిదు, ఒకదాని మీద ఒకటి.

"అక్కా, దీనికి బుద్ధుందా అడుగు," అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "అక్కడిదాకా గడియారంలో ఇదే ముందుంది. గట్టు మీద వాలగానే బ్రేకేసింది. పదమూడేళ్లలో ఆ చోట బ్రేకేయడం నేను చూళ్లేదు. నా బ్రేకులు బాగున్నాయో లేదో చూసుకుందట!"

"ఎందుకేశావే?" అంది తల్లి.

కూతురు ఆ వేలిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నేల వెచ్చగా తగిలింది. నీ చెయ్యేనని తెలిసిపోయింది. నొప్పి పుడుతుందేమోనని."